కాలనీ చెరువుకు కాపు ఎవరు?

ఈవేళ మనం మాట్లాడుకోబోయేది పెద్ద జలాశయాల గురించి కాదు. ఇళ్ళ మధ్య మిగిలిపోయిన చిన్న చెరువు గురించి. పొద్దున్నే చుట్టూ నడిచి వస్తాం. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళి కొంగల్ని చూపిస్తాం. దోమలు ఎక్కువైతే విసుక్కుంటాం. వేసవిలో బోరులో నీళ్ళు ఉన్నాయంటే అందులో కొంత ఈ చెరువు చలవేనని మాత్రం మనకు గుర్తుండదు. ఇలాంటి చెరువు ఎలా బతుకుతుంది, ఎందువల్ల చెడుతుంది, చుట్టుపక్కల కాపురమున్నవాళ్ళు దానికి ఏం చేయగలరు? ఈ సంగతులు బెంగుళూరు చెరువులను ఆధారం చేసుకుని చెప్పుకుందాం.

ముందుగా ఒక ప్రశ్న. బెంగుళూరులో ఇన్ని చెరువులు ఎందుకున్నాయి? ఈ ఊరికి జీవనది లేదు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, ఒక మిట్ట మీద ఉన్న ఊరు ఇది. పడిన వాన నిలవదు, నాలుగు దిక్కులకూ జారిపోతుంది. హెబ్బాళ లోయ, కోరమంగల–చల్లఘట్ట లోయ, వృషభావతి లోయ అని మూడు ముఖ్యమైన లోయల గుండా కిందికి దిగుతుంది. జారిపోయే ఆ నీటిని ఆపడానికి పాతకాలపువాళ్ళు లోయల పొడవునా ఒకదాని కింద ఒకటిగా కట్టలు వేశారు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అదీ నిండితే ఇంకో చెరువుకు. మనం చెరువు అన్నదాన్ని కన్నడిగులు కెరె అంటారు. మన అలుగు వాళ్ళకు కోడి, మన తూము వాళ్ళకు తూబు. చెరువును చెరువుకు కలిపే పెద్ద కాలువ రాజకాలువె. మాటలు వేరైనా ఏర్పాటు ఒక్కటే.

ఈ ఏర్పాటులో మన తెలుగువాళ్ళ చేయి కూడా ఉంది. కట్టలు పోసి, మట్టి తవ్వి, రాళ్ళు పేర్చిన వడ్డెరలు కర్ణాటకలో భోవులన్న పేరుతో స్థిరపడ్డారు. వాళ్ళలో చాలా ఇళ్ళలో నేటికీ తెలుగే మాట్లాడతారు. చెరువు తవ్వించడం మన పెద్దలు సప్తసంతానాల్లో ఒకటిగా చెప్పిన పని. అంటే కన్నబిడ్డతోనూ, రాసిన కృతితోనూ సమానమన్నమాట. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో లెక్క చెప్పారు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాయించారు. కట్ట నుంచి నీరు కారిపోవడం ఒక దోషం. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం కూడా దోషాలే. చెరువంటే గుంట తవ్వి వదిలేయడం కాదని, దానికి ఒక లెక్క ఉంటుందని ఆరున్నర శతాబ్దాల కిందటే తెలిసినవాళ్ళు మనవాళ్ళు.

ఆ లెక్కను కాపాడేందుకు ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. కోలారు, బెంగుళూరు ప్రాంతాల్లో అతన్ని నీరుగంటి అన్నారు. తెలంగాణలో నీరటి అంటారు. ఎక్కువచోట్ల దళిత కుటుంబాలవాళ్ళే తరతరాలుగా ఈ పని చేశారు. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ఎంతసేపు నీరు వదలాలి, జడివాన రాత్రి కట్ట ఎక్కడ మెత్తబడుతోంది – ఇవన్నీ చూసుకోవడం అతని బాధ్యత. అందుకు పంటలో కొంత గింజలు కొలిచి ఇచ్చేవారు. వేసవిలో నీరు తగ్గగానే రైతులు చెరువులోని ఒండ్రుమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకు పూడికతీత. చెరువు నిండినప్పుడు ఆడవాళ్ళు గంగమ్మకు పూజచేసి బాగిన సమర్పించేవారు. ఇలా చెరువుకు ఒక కాపు ఉండేవాడు, ఒక ప్రయోజనం ఉండేది, ఒక పండుగ ఉండేది.

మరి ఇదంతా ఎక్కడ తెగింది? కుళాయి దగ్గర తెగింది. 1896లో హెసరఘట్ట నుంచి గొట్టాల ద్వారా బెంగుళూరుకు నీళ్ళొచ్చాయి. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం తోడైంది. 1974లో కావేరి నీళ్ళొచ్చాయి. ఆ నీరు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కించి తెస్తున్న నీరు. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నప్పుడు కట్ట గట్టిగా ఉందా, కాలువ పూడిందా అని చూసే అవసరం ఎవరికీ లేకపోయింది. పొలాలు లేఅవుట్లయ్యాయి, ఆయకట్టు పోయింది. నీరుగంటికి గింజలు కొలిచేవాళ్ళు లేరు. పనిలేని చెరువు ఖాళీ స్థలంలా కనబడటం మొదలైంది.

ఫలితం మన కళ్ళముందే ఉంది. ఇవాళ మెజెస్టిక్ బస్సుస్టాండుగా మనకు తెలిసిన చోటు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువులో. చల్లఘట్ట చెరువు గోల్ఫు మైదానమైంది. చెరువుల పరిస్థితి చూసి ప్రభుత్వం 1985లో లక్ష్మణరావు కమిటీని వేసింది. ఉన్న చెరువులను నిలుపుకోవాలని ఆ కమిటీ చెప్పింది. కొన్నిటికి కంచెలు పడ్డాయి, చెట్లు నాటారు. కానీ కంచె వేస్తే మనుషులు ఆగుతారు గాని, మురుగు ఆగదు కదా!

ఇప్పుడు ఒక చిన్న చెరువు కథ చెబుతాను. దక్షిణ బెంగుళూరులో జె.పి. నగర్ ఏడో ఫేజు పక్కన పుట్టేనహళ్ళి చెరువుంది. యలహంక దగ్గర ఇదే పేరుతో ఉన్న చెరువు వేరు. ఇది 13 ఎకరాల పైచిలుకు మాత్రమే. చుట్టూ అపార్టుమెంట్లు, ఇళ్ళు లేచాయి. చెరువు ఎండి, చెత్త పోసే చోటుగా మారుతున్న దశలో ఇరుగుపొరుగువాళ్ళు కదిలారు. అప్పటి బృహత్ బెంగళూరు మహానగర పాలికె పూడిక తీయించి, కంచె వేయించింది. 2010లో స్థానికులు కొందరు కలిసి ఒక ట్రస్టు పెట్టుకున్నారు. 2011లో చెరువు నిర్వహణను పాలికె ఒక ఒప్పందం ద్వారా ఆ ట్రస్టుకు అప్పగించింది. బెంగుళూరులో ఒక పౌరబృందానికి చెరువు బాగోగులు ఇలా అప్పగించడం అదే మొదలు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. చెరువు శుభ్రమైంది, కాని నిండేదెలా? చుట్టూ రోడ్లు, కట్టడాలు లేచి పాత కాలువలు తెగిపోయాయి. వాన పడినా ఆ నీరు చెరువుదాకా రాదు. మురుగును ఆపితే చెరువు ఎండుతుంది, ఆపకపోతే కుళ్ళుతుంది. నగరంలోని చిన్న చెరువులన్నిటి ముందూ ఉన్న చిక్కుముడి ఇదే. పుట్టేనహళ్ళివాళ్ళు దీనికి రెండు దారులు వెదికారు. వీధుల్లోని వాననీటిని మళ్ళీ చెరువువైపు మళ్ళించడం ఒకటి. పక్కనే ఉన్న పెద్ద అపార్టుమెంటు సముదాయంలో శుద్ధిచేసిన నీటిని చెరువులోకి తేవడం రెండోది. 2015లో ఆ నీరు చెరువుకు చేరడం మొదలైంది. ఇళ్ళలో వాడిపారేసిన నీరే, శుభ్రపడి, ఆ ఇళ్ళ ముందున్న చెరువును నింపింది. ఇప్పటికి అక్కడ నూటికి పైగా పక్షిజాతులను చూసినట్టు నమోదైంది.

దీన్నిబట్టి చెరువు ఆరోగ్యం తెలుసుకోవాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. లోపలికి ఏం వస్తోంది? లోపల ఏం పేరుకుంటోంది? బయటికి ఏం పోతోంది? ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, లోపలికి వచ్చేది. మన స్నానాలు, బట్టల సబ్బు, మరుగుదొడ్డి నీరు – వీటిలో నత్రజని, భాస్వరం ఉంటాయి. పైరుకు వేసే ఎరువులో ఉండేవీ అవే. చెరువులోకి ఆ ఎరువు చేరితే నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ గుర్రపుడెక్క కొన్ని వారాల్లోనే నీటిని కప్పేస్తుంది. ఎండ లోపలికి దిగదు. చచ్చిన ఆకులు అడుగున కుళ్ళుతాయి, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి.

చేపలు తరచుగా తెల్లవారుజామునే ఎందుకు చస్తాయో మీరెప్పుడైనా ఆలోచించారా? పగలు ఎండలో నీటిమొక్కలు ప్రాణవాయువును విడుస్తాయి. రాత్రి అవి కూడా మనలాగే దాన్ని పీల్చుకుంటాయి. అందుచేత సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అసలే మురుగు చేరిన చెరువులో, వేసవి తొలి జడివాన కాలువల్లోని చెత్తనంతా ఒక్కసారి తోసుకొచ్చిందంటే ఆ కాస్తా అయిపోతుంది. చేపలు నోళ్ళు పైకెత్తి తేలతాయి. తెల్లారేసరికి ఒడ్డున గుట్టలుగా కనబడతాయి. 2016 మార్చిలో అలసూరు చెరువులో వేలాది చేపలు చచ్చి తేలాయి. ఎవరో విషం కలిపారని మనం అనుమానిస్తాం. చాలాసార్లు ఆ విషం మన ఇంటి గొట్టంలోంచి వచ్చిందే అయివుంటుంది.

మురుగును గుర్తుపట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. వానపడి వారం దాటింది, ఎండ కాస్తోంది, అయినా చెరువులోకి వచ్చే కాలువ పారుతోంది. అంటే అది వాననీరు కాదు. ఎక్కడో ఎవరో డ్రైనేజీ గొట్టాన్ని వాననీటి కాలువకు కలిపారు, లేదా గొట్టం పగిలింది. కాలువ వెంట పైకి నడుచుకుంటూ వెళితే ఎక్కడ కలుస్తోందో కనబడుతుంది. చెరువును బాగుచేయడం చాలావరకు ఒడ్డున జరిగే పని కాదు, వెనక వీధుల్లో జరిగే పని.

మురుగు తప్పనిచోట దాన్ని శుద్ధిచేసి వదలాలి. జక్కూరు చెరువు ఇందుకు ఉదాహరణ. అక్కడ రోజుకు కోటి లీటర్లు శుద్ధిచేసే కేంద్రాన్ని పెట్టారు. అక్కడినుంచి వచ్చే నీరు నేరుగా చెరువులో పడదు. జమ్ము, రెల్లులాంటి మొక్కలున్న చిత్తడినేల గుండా నెమ్మదిగా నడిచి, మిగిలిన భాస్వరాన్ని, నత్రజనిని కొంత ఆ మొక్కల వేళ్ళకు వదిలి, అప్పుడు చెరువుకు చేరుతుంది. ఆ మొక్కలను అప్పుడప్పుడు కోసి తీసేయాలి. అలా వదిలేస్తే అవి అక్కడే కుళ్ళి, పీల్చుకున్నదంతా తిరిగి నీటికే ఇచ్చేస్తాయి.

రెండోది, లోపల పేరుకునేది. ఒండ్రు ఏటా చేరుతూనే ఉంటుంది. పూర్వం అది పొలానికి బంగారం. ఇప్పుడు మురుగు చేరిన చెరువు పూడికలో సీసంవంటి లోహాలు ఉండవచ్చు కనుక పరీక్ష చేయించకుండా పొలానికి వేయకూడదు. ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. పూడిక తీసేటప్పుడు అంచుల దాకా నిట్టనిలువుగా తవ్వి, రాళ్ళు పరిచి, చెరువును గిన్నెలా చేస్తున్నారు. చూడటానికి నీరు నిండుగా ఉంటుంది. కాని కొంగలు నిలబడేది మోకాలిలోతు నీటిలో. బుడుబుంగలు గూడు కట్టుకునేది గడ్డి, జమ్ము ఉన్న అంచుల్లో. ఒడ్డు ఏటవాలుగా, కొంత బురదగా ఉంటేనే పిట్టలకు చోటు. మనకు అపరిశుభ్రంగా కనబడే ఆ మూల వాటికి పురిటిగది. రాత్రంతా వెలిగే పెద్ద దీపాలు కూడా వాటికి ఇబ్బందే.

వినాయకచవితి మాట కూడా ఇక్కడే చెప్పాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో కరగదు, దాని రంగులు మాత్రం నీటిలో దిగుతాయి. చెరువుమట్టితో చేసిన బొమ్మ తిరిగి చెరువులో మట్టే అవుతుంది. నిజానికి మన పండుగలో ఉన్న అర్థం అదే. చాలా చెరువుల పక్కన నిమజ్జనం కోసం వేరే కళ్యాణి, అంటే చిన్న కోనేరు కట్టారు. అక్కడే నిమజ్జనం చేయడం మంచిది.

మూడోది, బయటికి పోయేది. మన అలుగు దాటిన నీరు ఎక్కడికి పోతుందో ఆలోచించాలి. కోరమంగల–చల్లఘట్ట లోయ నీరంతా బెళ్ళందూరు, వర్తూరు చెరువులకు చేరి, అక్కడినుంచి దక్షిణ పినాకినిలో కలుస్తుంది. 2015లో ఆ చెరువుల నురుగు రోడ్లమీదికి ఎగిరింది. బెళ్ళందూరు చెరువు 2015లోనూ, 2017లోనూ మంటలంటుకుని దేశమంతా వార్తయింది. ఆ నురుగు అక్కడితో ఆగలేదు. దక్షిణ పినాకిని వెంట సరిహద్దు దాటి హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్టలోనూ కనబడింది. హోసూరులో మన తెలుగువాళ్ళు తరాలుగా వ్యవసాయం చేస్తున్నారు. ఇటు కోలారుకు, 2018 నుంచి బెంగుళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని పంపి అక్కడి ఎండిన చెరువులను నింపుతున్నారు. ఆ నీరు ఎంత శుభ్రంగా ఉందన్న వాదన న్యాయస్థానాల దాకా వెళ్ళింది. కోలారు, ముళబాగిలు పల్లెల్లో మనకు బంధువులున్నారు. మనం వంటింటి గట్టు మీద కుమ్మరించే సబ్బునీటికీ, వాళ్ళ పొలానికీ సంబంధముంది. చెరువుల గొలుసు తెగలేదు. అందులో పారే నీరే మారింది.

శ్రోతలారా, ఇంతవరకు నీటి సంగతి చెప్పుకున్నాం. ఇక మనుషుల సంగతి. చెరువు బాగుపడగానే అది పార్కవుతుంది. నడకదారి, బెంచీలు, గేటుకు తాళం, తెరిచే వేళల బోర్డు వస్తాయి. అప్పుడు బయట మిగిలిపోయేవాళ్ళు ఎవరు? ఆవుకు గడ్డి కోసుకునే అవ్వ, వల వేసుకునే జాలరి, బట్టలుతికే చాకలి, మేకలు కాచే పిల్లవాడు. నిన్నటిదాకా చెరువును వాడుకున్నదీ, దాని గుణం తెలిసినదీ వాళ్ళకే. సర్జాపుర రోడ్డులోని కైకొండ్రహళ్ళి చెరువు ఈ విషయంలో మంచి పాఠం. సుమారు 48 ఎకరాల ఆ చెరువును 2010 ప్రాంతంలో పునరుద్ధరించినప్పుడు, పాత ఊరివాళ్ళూ కొత్త అపార్టుమెంట్లవాళ్ళూ కలిసి పనిచేశారు. గడ్డి కోసుకోవడం, చేపలు పట్టడంలాంటి పాత వాడుకలకు చోటు ఉంచారు. అందరి ఉమ్మడి ఆస్తిని జనం తమంతట తాము కట్టుబాట్లు పెట్టుకుని కాపాడుకోగలరని తన పరిశోధనలతో చూపి, 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ 2012లో ఈ చెరువును చూడటానికి వచ్చి ఒక మొక్క నాటారు.

గడ్డి కోసే అవ్వను లోపలికి రానిస్తే లాభం ఆమెకే కాదు. ఆమె కోసుకెళ్ళే ప్రతి మోపుతోపాటు చెరువుకు ఎక్కువైన ఎరువు కూడా బయటికి పోతుంది. లేకపోతే ఆ గడ్డి కోయించడానికి మనమే కూలి ఇవ్వాలి. జాలరి రోజూ నీటిమీదే ఉంటాడు కనుక నీటి రంగు మారితే ముందు తెలిసేది అతనికే.

చెరువు ఎవరి సొత్తన్న ప్రశ్న కూడా వస్తుంది. అది ప్రభుత్వానిది, అంటే మనందరిది. కర్ణాటకలో 2014 నాటి చెరువుల సంరక్షణ చట్టం ప్రకారం ఆక్రమణ, చెత్త పోయడం, మురుగు వదలడం నేరాలు. నిర్వహణ ఒప్పందాలపై 2020లో హైకోర్టు ఆంక్ష పెట్టింది. ఉమ్మడి ఆస్తి ప్రైవేటు చేతుల్లోకి పోకూడదన్న జాగ్రత్త న్యాయమైనదే. కాని దానితో పౌరబృందాల ఒప్పందాలు కూడా నిలిచిపోయాయి. కాగితం ఉన్నా లేకపోయినా కాలువ వెంట నడవడానికి, చూసింది రాసిపెట్టడానికి, ఫిర్యాదు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అందువల్ల మన కాలనీలో ఏం చేయవచ్చో ఏడాది వరసలో చెప్పుకుందాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వానలు లేనప్పుడు, నలుగురు కలిసి చెరువులోకి వచ్చే ప్రతి కాలువ వెంటా ఒకసారి నడవండి. పారుతున్నది ఏదో గుర్తించండి. మురుగు కనబడితే నీటి సరఫరా, మురుగునీటి మండలికి, చెత్త అయితే నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా చెప్పండి. నకలు దగ్గర ఉంచుకోండి. ఏప్రిల్‌లో, మే నెల జడివానలకు ముందే, వాననీటి కాలువల్లో చెత్త తీయించండి. వానకాలంలో కట్టమీద ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళ దగ్గర నీటి చెమ్మ చూడండి. అలుగుకు అడ్డం ఏమీ లేకుండా ఉంచండి. అలుగు మూసుకుపోతే కింది వీధుల ఇళ్ళలోకి నీరొస్తుంది. చవితికి మట్టిబొమ్మ. చలికాలంలో పక్షులు వచ్చినప్పుడు పిల్లలచేత లెక్క రాయించండి. ఏడాది పొడవునా ఒక నోటుపుస్తకం పెట్టి, వారానికోసారి నీటిమట్టం, రంగు, వాసన రాయండి. అధికారి ముందు, అవసరమైతే న్యాయస్థానంలో, మన ఆవేదన కంటే ఆ పుస్తకానికే బలం ఎక్కువ.

2024 వేసవిలో బెంగుళూరులో వేల బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు కోసం కాచుకున్న ఇళ్ళలో మనవీ ఉన్నాయి. ఆ వేసవిలో చాలామందికి ఊరి చెరువు ఎందుకో తెలిసొచ్చింది. పూర్వం ఊరంతటికీ ఒక నీరుగంటి సరిపోయాడు, ఎందుకంటే అతని వెనక ఊరంతా ఉండేది. ఇప్పుడు గింజలు కొలిచి ఒకరికి అప్పగించే రోజులు కావు. వంతులవారీగా మనమే ఆ పని చేయాలి. మీ వీధి చివర చెరువు ఉంటే ఈ ఆదివారం ఒడ్డున నడిచి ఊరుకోకుండా, దానిలోకి వచ్చే కాలువ వెంట కూడా నాలుగడుగులు వేయండి. వాన లేకుండా పారుతోందేమో చూడండి.